చేప గుండెకు కడబంతి

పెండ్లివారింట కడబంతిలో కూర్చుండువా రెవరో మన మెరుగుదుము. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసినవారు, బూరెలు వండినవారు, మూడు బంతులకు విసుగు లేక వడ్డించినవారు, వారే అందరి తరువాత విస్తరి వేసికొందురు. అప్పటికి పప్పు అడుగంటియుండును; కూరలో ముక్కలు పోయి పులుసు మిగిలియుండును. ఐనను దొరికినది తిని మరల సాయంకాలపు వంటకు లేతురు. ప్రాణికోటిలో ఇట్టి కడబంతి భోజనముతో కోట్లకొలది సంవత్సరములుగా పని చేయుచున్న అవయవ మొకటి కలదు. అది చేప గుండె.

నేను తెలుగు చెప్పుకొని బ్రతుకు ఉపన్యాసకుడను. జీవశాస్త్రము నా పొలిమేరలోనిది కాదు. కాని మా వీథిలో తెలుగు మాధ్యమమున చదువుకొను పిల్లలకు ఏ శాస్త్రములో ఏ మాట బోధపడకున్నను మా యింటి గడప యెక్కుట పరిపాటి. కొన్ని యేండ్ల క్రిందట ఇంటర్మీడియటు చదువుచున్న అమ్మాయి యొకతె జంతుశాస్త్ర పుస్తకము తెచ్చి ఒక మాటపై వ్రేలుంచి అర్థ మడిగినది. చేపలది ‘సిరాహృదయ’ మని అందున్నది.

“సిరా అంటే ఇంకే గదా మాస్టారూ! చేప గుండెలో సిరా పోసి ఉంటుందా?” అని ఆమె వెనుక నిలిచిన తమ్ముడు నవ్వెను.

వ్రాతకు వాడు సిరా వేరు, సంస్కృతమందలి సిర వేరు అని చెప్పితిని. శరీరమునుండి గుండెకు రక్తమును తెచ్చు నాళము సిర. గుండెనుండి రక్తమును కొనిపోవు నాళము ధమని. ‘ధమ’ అను ధాతువునకు ఊదుట యని అర్థ మని కూడ చెప్పి, కమ్మరి కొలిమితిత్తిని జ్ఞాపకము చేసితిని. చేప గుండెలోనికి వచ్చునది సిరలు తెచ్చిన రక్తము మాత్రమే గనుక దానికా పేరు వచ్చిన దని ముగించి, పని యైపోయిన దనుకొంటిని.

ఆ యమ్మాయి లేవలేదు. కొంత తడవు పుస్తకములోని బొమ్మను చూచి, “సిరలు తెచ్చేది ప్రాణవాయువు ఖర్చయిపోయిన రక్తమే కదా మాస్టారూ. దాని లోపలికి ఎప్పుడూ అదే వస్తుంటే, మరి ఆ గుండె దేనితో బ్రతుకుతుంది?” అని అడిగెను.

ముప్పది సంవత్సరములు పాఠము చెప్పినవానికి తప్పించుకొను మార్గములు కొన్ని తెలియును. “మంచి ప్రశ్న, రేపు చెప్పుదును” అంటిని. ఆ రేపు రాలేదు. నేను మరచితిని, ఆమె మరచియుండదు.

మరి కొన్ని మాసములకు మెట్లెక్కునపుడు నా రొమ్ములో బిగువు కనిపింపసాగెను. పరీక్ష చేయు బల్లపై నన్ను పరుండబెట్టి, వైద్యుడు తెరమీద నా గుండెను చూపెను. గుండె పైభాగమున తీగెలవలె అల్లుకొన్న నాళములలో ఒకటి ఒక చోట దారమంత సన్నగిల్లియుండెను. “గుండె నిండ రక్తమే గదా డాక్టరుగారూ, దానికి కొరత యెట్లు వచ్చును?” అని అడిగితిని. “లోపల ఉన్నది దానికి అందదండీ. దాని తిండి బయటి గొట్టాల్లోంచే రావాలి” అని ఆయన అనెను. ఆ మాట చెవిని పడగానే నాకా యమ్మాయి ప్రశ్న తటాలున స్ఫురించినది. ఆసుపత్రినుండి వచ్చిన వారమునకే మా కళాశాలలో జంతుశాస్త్రము బోధించు మిత్రుని యింటికి పోయి కూర్చుంటిని. అక్కడ తెలిసికొన్నదియు, తరువాత చదివి సరిచూచుకొన్నదియు ఇచ్చట పాఠకుల ముందుంచుచున్నాను.

ముందు మన గుండె సంగతి. మానవుని గుండెగోడ దళసరియైన కండరము. నిమిషమునకు డెబ్బది సార్లకు పైగా కొట్టుకొను ఈ కండరమునకు ప్రాణవాయువు క్షణమైనను తప్పరాదు. దాని గదులలో మంచి రక్తము నిండియున్నను ఆ రక్తమునుండి ప్రాణవాయువు గోడలోనికి ఇంకగల దూరము బహుస్వల్పము. ఏటి గట్టున ఉన్నంతమాత్రమున మెరక పొలము పండదు. కాలువ త్రవ్వి నీరు పెట్టవలెను. గుండెనుండి వెలువడు మహాధమని మొదటనే రెండు కాలువలు చీలి, వెనుకకు మరలి గుండెపై వ్యాపించుచున్నవి. వీనిని హృద్ధమను లందురు. ఈ కాలువ పూడినచో గుండెలోని ఆ మడి యెండును. గుండెపోటు అనగా ఇదియే.

ఇక చేప గుండె. అది గొంతుక క్రింద, మొప్పలకు వెనుకగా ఉండును. సిరలు తెచ్చిన రక్తము మొదట పలుచని సంచిలో చేరి, అచ్చటినుండి కర్ణికలోనికి, కర్ణికనుండి జఠరికలోనికి పోవును. నెట్టునట్టి బలము జఠరికది. దాని ముందుండు ఉబ్బెత్తు గొట్టము ఆ పోటును మెత్తబరచి రక్తమును మొప్పలలోనికి పంపును. మొప్పలలో రక్తము నీటినుండి ప్రాణవాయువును గ్రహించి, ఎర్రబారి, తిన్నగా తలకు, కండలకు, ప్రేవులకు, మూత్రపిండములకు పోవును. అందరును తీసికొన్న పిమ్మట నల్లబడిన రక్తము తిరిగి గుండె చేరును. మన శరీరములో రక్తము ఒక ప్రదక్షిణములో రెండు మార్లు గుండెను దర్శించుకొనును. చేపలో ఒక్క మారే. 1628వ సంవత్సరమున రక్తప్రసరణమును లోకమునకు చాటిన విలియం హార్వే, చేపలవంటి చల్లని ప్రాణులలో గుండె మెల్లగా కొట్టుకొనుటవలన దాని కదలికను కన్నులార చూడవచ్చునని గ్రహించినవాడు. ఊపిరితిత్తులు లేని చేపకు ఒక్క జఠరికయే చాలునని ఆయన వ్రాసెను. ప్రాణవాయు వను పదార్థము కనుగొనబడుటకు అప్పటి కింకను నూరేండ్లకు పైగా ఉన్నది. అందుచేత ఆ గుండె దేనితో బ్రతుకునను ప్రశ్న ఆయనకు తట్టుట కవకాశము లేదు.

ఈ ఏర్పాటులోని కష్టము ఎంతటిదో లెక్కలో చూడవచ్చును. మనము పీల్చు గాలి ఒక లీటరులో ప్రాణవాయువు సుమారు 210 మిల్లీలీటర్లు. చక్కగా గాలి కలిసిన నీరు ఒక లీటరులో సామాన్యముగా ఆరేడు మిల్లీలీటర్లే. అనగా చేప సంపాదన మొదటనే మనకంటె ముప్పది రెట్లు తక్కువ. ఆ కొంచెములోను శరీరమంతయు వాడుకొనగా మిగిలినది గుండెది. చేప కదలక నిలిచియున్నప్పుడు చిక్కు లేదు. శరీరము రక్తములోని ప్రాణవాయువును పూర్తిగా పిండుకొనదు గనుక కొంత మిగులును. కాని మొసలి తరిమినపుడో, ప్రవాహమున కెదురీదునపుడో ఏమగును? తోకకండలు వచ్చిన ప్రాణవాయువును వచ్చినట్లే వాడుకొనును. గుండెకు చేరు రక్తము మరింత నిస్సార మగును. గుండె మిక్కిలి కష్టపడవలసిన ఘడియ యేదో, దానికి తిండి మిక్కిలి తక్కువగు ఘడియయు అదియే. ఎక్కువ మంది చుట్టములు వచ్చిన నాడే వడ్డించువారికి గిన్నె ఖాళీ.

ఈ చిక్కునకు ప్రకృతి కనుగొన్న ఉపాయములు ముఖ్యముగా మూడు.

మొదటిది బీరపీచు ఉపాయము. ఎండిన నేతిబీరకాయ తొక్క తీసి చూచినవారికి ఇది వెంటనే తెలియును. లోపల సన్నని పీచులు వలవలె అల్లుకొని, వాని నడుమ సందు లుండును. నీటిలో ముంచినచో ప్రతి పీచునకు నీరంటును. పెక్కు చేపల జఠరిక ఇట్లే ఉండును. దళసరి గోడకు బదులు సన్నని కండరపు పోగులు అల్లిబిల్లిగా ఉండి, వాని సందులలోనికి రక్తము చొచ్చి, ప్రతి పోగును తడుపుచుండును. రక్తములో ప్రాణవాయువు కొంచెమే యైనను అది పోవలసిన దూరము మరియు కొంచెము గనుక పని జరిగిపోవును. ఇట్టి గుండెకు ప్రత్యేకమైన ధమనులు లేవు. నేడున్న అస్థిచేపల జాతులలో అధికభాగము ఈ బీరపీచు గుండెతోనే సంసారము నడుపుచున్నవి. కప్ప జఠరికయు చాలవర కిట్టిదే. మనము తల్లికడుపులో పడిన తొలి వారములలో మన గుండెయు హృద్ధమనులు లేని ఇట్టి పీచుగుండెయే! పిండము పెరిగిన కొలది పీచులు దగ్గరపడి గోడ గట్టిపడును. అప్పుడు కాలువలు పుట్టును.

పీచుగుండెకు ఒక లోపము కలదు. అది గట్టిగా నొక్కలేదు. వేగముగా ఈదువానికి, దూరప్రయాణము చేయువానికి రక్తమును బలముగా నెట్టగల దళసరి గోడ కావలెను. గోడ దళసరియైనచో లోపలి రక్త మందదు. అందుచేత రెండవ ఉపాయము పుట్టినది. వడ్డించువారికొరకు వంటయింటినుండియే ఒక గిన్నె ముందుగా తీసి పక్కన పెట్టుట యది. మొప్పలలో రక్తము ఎర్రబారి వెలువడు చోటనే ఒక సన్నని ధమని చీలి, శరీరమువైపు పోక, తిన్నగా గుండెమీదికి వచ్చి దాని పైపొరలో కొమ్మలు వేయును. ఇది చేపల హృద్ధమని. మన హృద్ధమని గుండెకు ఆనుకొనియున్న మహాధమనినుండి పుట్టగా, చేపది మొప్పల వద్ద పుట్టుటకు కారణము స్పష్టమే. చేప గుండెకు ఆనుకొనియున్న పెద్ద ధమనిలో ఒత్తిడి యున్నది గాని ప్రాణవాయువు లేదు. ప్రాణవాయు వున్న చోటికి మొప్పలు దాటి పోవలెను. అచ్చట ఒత్తిడి కొంత తగ్గియుండును. రెండును ఒక్కచోట దొరకవు గనుక, చేప ప్రాణవాయువునే ఎన్నుకొన్నది.

సొరచేపలు, టేకులు మొదలగు మృదులాస్థి చేపల కన్నిటికిని ఈ ఏర్పాటున్నది. సాల్మన్, ట్రౌట్ చేపలకును కలదు. ట్రౌటు జఠరికలో సుమారు మూడవ వంతు ఇట్టి దళసరి పైపొర. మిగిలినది లోపలి పీచు. సముద్రములో నిరంతరము పరువులిడు టూనా జాతులలో కొన్నింటికి పైపొర సగమునకు మించియే యుండును. పని పెరిగిన కొలది గిన్నె పెద్దదైన దన్న మాట. ఐనను లోపలి పీచు ఏ చేపలోను పూర్తిగ మాయము కాలేదు. సాల్మన్ జాతి చేపలలో హృద్ధమనిని కట్టివేసి చూచిన పరిశోధకులకు ఒక విచిత్రము కనబడెను. మనకైనచో ప్రాణాపాయ మగు ఆ పనికి చేప చావలేదు. లోపలి రక్తముతో కాలక్షేపము చేసినది. కాని మునుపటి వేగముతో ఈదలేకపోయినది. నీరు వెచ్చబడినప్పుడు మునుపటివలె ఓర్చుకొనలేకపోయినది. హృద్ధమని చేపకు నిత్యభోజనము కాదు, కష్టకాలపు నిల్వ.

ఇచ్చట నా స్వానుభవమున కొక సానుభూతి లభించినది. పెరిగిన సాల్మన్ చేపల హృద్ధమనులలో లోపలి పొర మందమై దారి యిరుకగుట శాస్త్రజ్ఞులు చాలకాలమునుండి గమనించియున్నారు. మన నాళములలోవలె కొవ్వు, సున్నము అందు పేరుకొనవు. ఐనను ఇరుకు ఇరుకే. నేతి మిఠాయిలు తినని చేపకును ఈ బాధ తప్పలేదని మిత్రుడు చెప్పినపుడు నాకు నవ్వు వచ్చినది.

మూడవ ఉపాయము అన్నిటికంటె ఆశ్చర్యకరము. వేరే గిన్నె తీయకుండ, కడబంతికి మిగులు కూరలోనే క్రొత్త ముక్కలు కలుపుట యది. దీనికి ఉదాహరణ వెదుకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. తెలంగాణ రాష్ట్రపు మీనుగా ప్రకటింపబడిన కొర్రమీనునే చూడుడు. నీరు తీసిన గుంటలో, బురదలో, తడిగుడ్డ చుట్టిన బుట్టలో అది గంటలకొలది బ్రతికియుండుట మన పల్లెలవారందరు చూచినదే. దాని తలలో మొప్పల పైభాగమున గాలి పీల్చుకొను అర లున్నవి. అది నీటిపైకి మూతి చాచి గాలి మ్రింగి ఆ యరలలో నింపుకొనును. ఆ గాలినుండి ప్రాణవాయువును గ్రహించిన రక్తము ఎచ్చటికి పోవును? ముందు శరీరమునకు కాదు. సిరలలో కలిసి, అందరి యెంగిలి రక్తముతో పాటు గుండెకు వచ్చును! శరీరముదృష్టితో చూచిన ఇది తెలివితక్కువ ఏర్పాటువలె కనబడును. మంచిరక్తమును చెడురక్తముతో కలుపుట యేల? గుండె దృష్టితో చూచినప్పుడు దాని ప్రయోజనము తెలియును. కొర్రమీను గుండెలోనికి వచ్చు రక్తము ఇక నిస్సారము కాదు.

ఈ విషయమునుండియే ఒక పెద్ద ఊహ బయలుదేరినది. 1997లో కొలీన్ ఫార్మర్ అను అమెరికా శాస్త్రవేత్త, ఊపిరితిత్తులు పుట్టినది నేలమీద బ్రతుకుటకు కాదు, నీటిలోని చేప గుండెకు ప్రాణవాయు వందించుటకే యని ప్రతిపాదించినది. డార్విను 1859లో చేపల గాలితిత్తియే ఊపిరితిత్తిగా మారిన దని తలచెను. నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము దీనికి తలక్రిందు: ప్రాచీనమైన అస్థిచేపలకే ఊపిరితిత్తు లుండెను, తరువాతి చేపలలో అవి తేలుటకు పనికివచ్చు గాలితిత్తులుగా మారెను. అట్లైన నేలపై అడుగిడక పూర్వమే చేపకు ఊపిరితిత్తి యేల? నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పటి అక్కరకొరకని పూర్వపు సమాధానము. బాగుగా గాలి కలిసిన నీటిలో తిరుగు చురుకైన చేపకును అది అక్కరయే, ఏలయన దాని గుండె ఆకలి నీటిమీద మాత్రమే కాక దాని పరువుమీదను ఆధారపడియున్న దని ఫార్మరు వాదము. ఇది ఊహయే గాని నిర్ణయము కాదు, అందరును అంగీకరింపలేదు. ఐనను ప్రాచీన లక్షణములు కలిగి నేటికిని గాలి పీల్చుచున్న చేపలలో ఆ మంచిరక్తము మొదట గుండెకే వచ్చుట ఈ వాదమునకు బలము.

రాళ్లును సాక్ష్యము చెప్పుచున్నవి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గోగో అను చోట దొరకిన సుమారు 38 కోట్ల సంవత్సరముల నాటి కవచపు చేపలలో గుండె ఆకృతి చెడక నిలిచియున్నట్లు 2022లో కేట్ ట్రినాజ్‌స్టిక్, ఆమె సహచరులు ప్రకటించిరి. రెండు గదుల ఆ గుండె వంపు తిరిగి, మొప్పల చెంతనే, గొంతుక క్రింద ఉన్నది. ఊపిరితిత్తుల జాడ వానిలో కనబడలేదు. మెత్తని గుండె శిలయై అన్ని కోట్ల యేండ్లు నిలుచుట ఒక వింత. ఆ నాటికే గుండె నేటి చేపలలో ఉన్న తావునకు వచ్చియుండుట మరియొక వింత.

రెండవ, మూడవ ఉపాయములు లేక బ్రతికినవారు కూడ కలరు. అంటార్కిటికా సముద్రములో ‘మంచుచేప’ లనబడు జాతులున్నవి. వాని రక్తము తెల్లన; ప్రాణవాయువును మోయు ఎర్రని హీమోగ్లోబిన్ అందు లేదు. 1954లో యోహాన్ రూడ్ అను నార్వే శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని సప్రమాణముగా లోకమునకు తెలిపెను. ఎర్రరక్తముగల తమ బంధువులతో పోల్చినచో ఈ చేపల రక్తము ప్రాణవాయువులో సుమారు పదవ వంతే మోయగలదు. హృద్ధమనులును లేవు. మరి యెట్లు బ్రతుకును? ఆ నీరు గడ్డకట్టుటకు సిద్ధమగునంత చల్లన. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరగును. చల్లని శరీరమునకు అవసరము తక్కువ. దానికి తోడు గుండె చాల పెద్దది, పీచు గుండె, నాళములు వెడల్పు, రక్తము పరిమాణము అధికము. సరకు పలుచనైనపుడు బండ్లసంఖ్య పెంచినట్లు ఆ గుండె రక్తమును కుండలతో క్రుమ్మరించినట్లు నెట్టుచుండును. కాని ఈ బ్రతుకంతయు ఆ చలిమీద ఆధారపడినది. చలి తగ్గినచో ఆ లెక్క తప్పును.

చలి తగ్గుట యను మాట మన కాలమున ఊరక అనున దికలేదు. సున్న డిగ్రీలవద్ద ఒక లీటరు మంచినీటిలో 14 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరగును, 20 డిగ్రీలవద్ద సుమారు 9, ముప్పదివద్ద ఏడున్నర. నీరు వెచ్చబడిన కొలది ఆదాయము తగ్గును. శరీరము చురుకెక్కి వ్యయము పెరుగును. ఆ రెంటి నడుమ ముందుగా నలిగిపోవునది కడబంతిలోని గుండె. కెనడాలోని ఫ్రేజర్ నదిలో సాకై సాల్మన్ చేపలు గ్రుడ్లు పెట్టుటకు సముద్రమునుండి ఎగువకు ఈదును. మన గోదావరికి వరదకాలమున పులస వచ్చునట్లే. ఆ నదిలో వేసవి నీటి వేడి 1950ల నాటికంటె సుమారు రెండు డిగ్రీలు పెరిగినది. వేడి ఎక్కువైన సంవత్సరములలో ఎన్నియో చేపలు గమ్యము చేరకయే చచ్చుచున్నవి. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ నదియందలి వేర్వేరు తెగల చేపల గుండెలను పోల్చిచూచిరి. ఆరువందల కిలోమీటర్లకు పైగా ఎదురీది, వేయి మీటర్ల ఎత్తుకు పైగా ఎక్కవలసిన చిల్కో తెగ చేపలకు గుండె పెద్దది, హృద్ధమనుల పోషణ అధికము. అవి వేడికి ఎక్కువగా ఓర్చుకొన్నవి. దగ్గరి దారివారు అంత ఓర్వలేకపోయిరి. ఎవరి దారి ఎంత కఠినమో వారి గిన్నె అంత పెద్దదిగా తరతరములుగా ఏర్పడినది. కాని దారి రెండు డిగ్రీలు కఠిన మగుటకు డెబ్బది యేండ్లు మాత్రమే పట్టినది. గిన్నె అంత త్వరగా పెరుగునా యనునదే ఇప్పటి భయము.

మన యొద్దను ఇట్టి దృశ్య మున్నది. కొల్లేటి చుట్టుపట్ల, కృష్ణా గోదావరి మండలములలో చేపల చెరువులు పెట్టినవారు తెల్లవారుజామును చూచి భయపడుదురు. పగలెల్ల నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువును విడుచును. రాత్రియెల్ల ఆ నాచుతో సహా అందరును దానిని పీల్చుటయే గాని విడుచువారు లేరు. కోడికూత వేళకు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. మబ్బుపట్టిన రోజులైనచో చెప్పనే అక్కరలేదు. అప్పుడు బొచ్చె, శీలావతి గుంపులుగా పైకి తేలి నోళ్లు తెరచి పైనీటిని గ్రుక్కిళ్లు మ్రింగును. రైతు పరుగెత్తి నీరు చిలుకు చక్రములను త్రిప్పును. ఆ తెరచిన నోళ్ల వెనుక, గొంతుక క్రింద, చిట్టచివర మిగిలిన దానికై కాచుకొని యొక చిన్న గుండె కొట్టుకొనుచున్న దని ఇప్పుడు నాకు తోచుచుండును.

ఒక మంచిమాటతో ముగించుట న్యాయము. గాజుతొట్లలో పెంచు చారలచేప, జీబ్రా చేప యని పిలుచునది, మన ఉపఖండపు ఏళ్లలో పుట్టినదే. వ్రేలెడైనను లేని ఆ చేప జఠరికలో అయిదవ వంతు కోసివేసినను రెండు మాసములలో మరల పూర్తిగా పెంచుకొనునని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన గుండెకు ఆ శక్తి లేదు. గుండెపోటులో చచ్చిన కండరము స్థానమున మచ్చ మాత్రము మిగులును. ఆ చేప గుండె తిరిగి పెరుగుటకు మొదట జరుగవలసిన పని, గాయమైన చోటికి క్రొత్త రక్తనాళములు త్వరగా ప్రాకుట యని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కాలువ ముందు, పంట తరువాత. చేప గుండెకు తిండి యెట్లందునో తెలిసికొనుట కేవలము వింత తీర్చుకొనుటకు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఇవన్నియు విని, చదివి, నేను ఆ యమ్మాయిని పిలిపించితిని. అప్పటికి ఆమె డిగ్రీలో చేరినది. “అమ్మా, నీవు వెనుక నొక ప్రశ్న అడిగితివి. రేపు చెప్పుదు నంటిని. ఆ రేపు నేడు వచ్చినది” అని బీరపీచునుండి మొదలిడి అంతయు చెప్పితిని. నా గుండెసంగతియు దాచలేదు. ఆమె చివరవరకు వినెను.

“అయితే పుస్తకంలో మాట తప్పా మాస్టారూ?” అని అడిగెను.

తప్పు కాదంటిని. చేప గుండె గదులలో పారునది సిరారక్తమే యనుట చాల చేపల విషయమున నిజము. కొర్రమీనువంటి వాని విషయమున అది కొంతవరకే నిజము. హృద్ధమనులు గలవాని విషయమున గదులలోని మాట నిజమైనను గోడలోని మాట వేరు. పుస్తకములోని మాట తలుపు. దానిని తట్టినవారికి గాని ఇల్లు కనబడదు. నేను తలుపుమీది పేరు చదివి ఊరకుంటిని, ఆమె తట్టినది. ఉపాధ్యాయులైన నా తోటివారికి ఈ సందర్భమున నా విన్నప మొక్కటే. పిల్లలకు రేపు చెప్పుదు మన్నపుడు ఆ తేదీ ఎక్కడనైన వ్రాసిపెట్టుకొనవలెను.

ఆమె లేచుచు నవ్వి, “వడ్డించేవాళ్లకి ముందే ఒక గిన్నె తీసి పెట్టమన్నమాట” అనెను. వంటయింటి గడపలో నిలిచి వినుచున్న మా యింటి ఇల్లాలు ఏమియు అనలేదు. ఆ రాత్రి మాత్రము మా యింట విస్తళ్లన్నియు ఒక్కసారే వేసితిమి.